మే నెలలో మొదలయ్యే క్రిస్మస్ కార్డు

(ఒంగోలులో ఏప్రిల్ చివరి రోజుల్లో వీబీఎస్, అంటే పిల్లల వేసవి సెలవుల బైబిలు పాఠశాల (వెకేషన్ బైబిల్ స్కూల్), ఉపాధ్యాయుల శిక్షణ సభలో ఒక విశ్రాంత డ్రాయింగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

సభకు అధ్యక్షత వహించిన అయ్యగారికి, అమ్మగారికి, ఒంగోలు చుట్టుపక్కల మండలాల నుంచీ నెల్లూరు వైపు నుంచీ ఇంత ఎండలో ప్రయాణం చేసి వచ్చిన ఉపాధ్యాయులందరికీ వందనాలు. ఏప్రిల్ నెలలో కూర్చోబెట్టి క్రిస్మస్ కార్డుల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరు నవ్వుకోవడం వేదిక మీదికి వస్తూనే గమనించాను. ఆ నవ్వుకు నా దగ్గర సమాధానం ఉంది. నిజం చెప్పాలంటే ఈ ప్రసంగమంతా ఆ సమాధానమే. వాడిపారేసిన కాగితాన్ని నానబెట్టి, గుజ్జు చేసి, మన చేత్తో కొత్త కాగితం తీసి, దానితో క్రిస్మస్ కార్డు చేయాలని సంకల్పించినవారు మన ప్రాంతంలో ఆ పనిని డిసెంబరులో మొదలుపెడితే పూర్తి చేయలేరు. కాగితం మే నెలలోనే తయారు కావాలి. బొమ్మ, రాత, మడత మాత్రమే డిసెంబరుకు మిగలాలి.

ఇందుకు మొదటి కారణం వాన. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వల్ల పడుతుంది. ఒంగోలు వైపున కూడా తుపాను భయం ఎక్కువగా ఉండేది ఆ నెలల్లోనే. మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5వ తేదీన, అంటే పండుగకు సరిగ్గా ఇరవై రోజుల ముందు. అటువంటి ముసురులో ఉతికిన బట్టలే ఆరవు. నీళ్లలోంచి తీసిన కాగితం ఏం ఆరుతుంది? రెండు మూడు రోజులు తడిగా ఉన్న కాగితం మీద బూజు పడుతుంది, ముక్కిన వాసన వేస్తుంది, దాన్ని పారేయడం తప్ప మరో దారి ఉండదు. మే నెలలో అదే కాగితం పొద్దున తీస్తే సాయంత్రానికి చేతికి వస్తుంది.

రెండవ కారణం ముడిసరుకు. ఏప్రిల్ చివర బడులు మూసేసరికి ప్రతి ఇంట్లోనూ నోటుపుస్తకాల కట్ట ఒకటి తయారవుతుంది, పాతపేపర్లు కొనే బండి వచ్చేదాకా అది అటక మీదో మంచం కిందో ఉంటుంది. మూడవ కారణం మీరే. వీబీఎస్ జరిగే పది రోజులూ పిల్లలు మీ చేతుల్లో ఉంటారు. పాటలు, వాక్యం, ఆటలు అయిన తరువాత ‘క్రాఫ్టు’ పేరుతో రంగు చార్టులు కత్తిరించి ఫెవికాల్‌తో అతికించే గంట ఒకటి ఉంటుంది కదా, ఆ గంటను నేను అడుగుతున్నాను.

మన జిల్లా మెట్ట పొలాల్లో సుబాబుల్, జామాయిల్ వేసిన రైతు కుటుంబాలవారు ఈ సభలో కూడా ఉండి ఉంటారు. ఆ కర్ర కొట్టి, లారీలకెత్తి పేపరు మిల్లులకు తోలితే అది అక్కడ గుజ్జై, కాగితమై, తిరిగి తిరిగి మన పిల్లల పుస్తకాల సంచుల్లోకి చేరుతుంది. అందువల్ల పాత నోటుపుస్తకాన్ని నానబెట్టేటప్పుడు మనం ముట్టుకునేది ఒక విధంగా మన చేల పంటనే. ఇది మురిపెం కోసం చెప్పిన మాట కాదు, పనికి సంబంధించిన సంగతి ఇందులో ఉంది. పైన్ జాతి చెట్ల కలపలోని పోగు సుమారు మూడు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. జామాయిల్ పోగు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే. పైగా ఒకసారి కాగితమై ఎండిన పోగు కొంత బిరుసెక్కుతుంది, మళ్లీ నీళ్లలో వేసినా మొదటిసారి ఉబ్బినంతగా ఉబ్బదు. అంటే మన చేతికి వచ్చే పోగు పొట్టిది, బిరుసుది. దాన్ని ఇంకా పొట్టి చేయకుండా, వీలైనంత మెత్తబరచడమే మన పని.

కాగితం ఎలా అతుక్కుని నిలుస్తుందో పిల్లలు తప్పకుండా అడుగుతారు, కాబట్టి దాని సమాధానం మీకు తెలిసి ఉండాలి. జిగురు ఏమీ లేదు. మొక్కల పోగు సెల్యులోజ్ అనే పదార్థంతో ఏర్పడినది. అది నీటిని ఇష్టపడుతుంది. నీళ్లలో ఉబ్బిన పోగులు ఒకదానిమీద ఒకటి అడ్డదిడ్డంగా పరుచుకుంటాయి. నీరు ఆరిపోతున్న కొద్దీ అవి ఒకదానికొకటి దగ్గరకు లాగబడి, పూర్తిగా దగ్గరైన చోట్ల హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. తడి కాగితాన్ని బరువు పెట్టి నొక్కడం వల్ల నీరు పోవడమొక్కటే కాదు, పోగులు ఒకదానికొకటి తగిలే చోట్లు పెరుగుతాయి. నొక్కని కాగితం అందుకే ఉండలుగా, పెళుసుగా ఉంటుంది. అవే బంధాలు మళ్లీ నీళ్లు తగిలితే వదులవుతాయి కనుకనే పాత కాగితాన్ని మనం తిరిగి గుజ్జు చేయగలుగుతున్నాం.

ఇక కాగితం ఎంపిక. గీతల నోటుపుస్తకం, ఒకవైపు రాసిన తెల్లకాగితాలు, జవాబు పత్రాలు అన్నిటికన్నా మంచివి. బాల్‌పెన్ను సిరా నీళ్లలో కరగదు, సన్నని నీలి చుక్కలుగా చెదిరి మిగులుతుంది. ఇంకుపెన్ను సిరా చాలావరకు కరిగి గుజ్జుకు లేత నీలం ఇస్తుంది. జిరాక్సు కాపీల మీది నలుపు నిజానికి ప్లాస్టిక్ పొడి, అది కరగక నల్ల చుక్కలుగా పైకి కనిపిస్తుంది. వార్తాపత్రికలను నేను కార్డుకు వాడను: అచ్చు సిరా వల్ల గుజ్జు బూడిదరంగుకు తిరుగుతుంది, కలపలోని లిగ్నిన్ అనే పదార్థం అందులో అలాగే ఉండటం వల్ల వెలుతురు తగిలితే కొన్నాళ్లకే పసుపెక్కుతుంది. శుభలేఖలు చూడముచ్చటగా ఉంటాయి గానీ వాటి మీది ప్లాస్టిక్ పొర, బంగారు రేకు నానబెట్టిన తరువాత చేత్తో ఒలిచివేయాలి. ఒలవడానికి రానివి పక్కన పెట్టాలి. ఏటీఎం చీటీలు, దుకాణాల బిల్లు కాగితాలు మాత్రం ఎంతమాత్రం వద్దు, వాటికి వేడికి నలుపెక్కే రసాయనం పూసి ఉంటుంది, పిల్లల చేతులు అందులో పెట్టించకూడదు. పుస్తకాల పిన్నులు తీయడం మరచిపోవద్దు.

ఎంత కాగితం కావాలనే లెక్క కూడా చెప్పుకుందాం. 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే రకం, ఏ4 కాగితం ఒకటి దాదాపు 5 గ్రాములు తూగుతుంది. మనకు కావలసినది అందులో సగం పరిమాణంలో ఉండి, మధ్యకు మడిస్తే కార్డు అయ్యే అట్టలాంటి కాగితం. అది 200 జీఎస్ఎం మందాన వస్తే దాని బరువు ఆరుంపావు గ్రాములు. అంటే నూరు కార్డులకు ఆరువందల పాతిక గ్రాములు. గుజ్జులో పోయేది, చిరిగేది, పిల్లలు గోడకు కొట్టేది కలుపుకుని కిలో కాగితం చాలు. ఒక వీబీఎస్‌కు కిలో కాగితం ఏమంత ఎక్కువ?

కాగితాన్ని కత్తెరతో కాకుండా చేత్తోనే అంగుళం ముక్కలుగా చింపి రాత్రంతా నానబెట్టాలి. చింపిన అంచున పోగులు బయటికి వచ్చి నీళ్లను తొందరగా పీలుస్తాయి. మరునాడు గుజ్జు చేయడానికి అందరూ మిక్సీ తీస్తారు. ఒక గుప్పెడు ముక్కలు, ముప్పావు జారు నీళ్లు, కొద్ది కొద్ది సెకన్ల చొప్పున మూడు నాలుగు తిప్పులు. అంతకు మించితే బ్లేడు పోగులను నరికివేస్తుంది, కాగితానికి బలం ఉండదు, మిక్సీ మోటారు కూడా కాలుతుంది. ఆ జారును తిరిగి వంటకు వాడకూడదు. నన్ను అడిగితే మిక్సీ కన్నా రోలు, రోకలి మేలు. రోకటి పోటు పోగును కోయదు, నలుపుతుంది. నలిగిన పోగు చుట్టూ సన్నని నూగు లేచి పక్క పోగును బాగా పట్టుకుంటుంది. మన ఊళ్లలో పెరట్లో పనిలేక పడి ఉన్న రోళ్లు ఎన్నో ఉన్నాయి. పిల్లలు వంతులవారీగా దంచుతారు, ఆపమన్నా ఆపరు.

తరువాత చట్రం. వడ్రంగి చేత ఒకే కొలతలో రెండు చట్రాలు చేయించండి, లోపలి కొలత పదిహేను సెంటీమీటర్లకు ఇరవై ఒకటి. కిటికీలకు కొట్టే దోమల జాలీని ఒకదాని మీద బిగుతుగా లాగి, తుప్పు పట్టని మేకులతో కొట్టించాలి. జాలీ వదులైతే కాగితం మధ్యలో మందంగా, అంచుల్లో పలుచగా వస్తుంది. రెండవది ఉత్త చట్రం, అది జాలీ చట్రం మీద కూర్చుని కాగితానికి అంచు కడుతుంది. చెక్కకు వార్నీషు వేయించకపోతే నీళ్లకు ఉబ్బి వంకరపోతుంది.

చట్రం మునిగేంత వెడల్పు ఉన్న ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి గుజ్జు కలపాలి. ఎంత చిక్కగా అంటే, పలుచని మజ్జిగలా ఉండాలి; చెయ్యి ముంచితే వేళ్లు మసకగా కనిపించాలి. ఇప్పుడు అసలు పని. రెండు చట్రాలూ కలిపి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ముందు అంచును ఏటవాలుగా నీళ్లలోకి దించి, అడుగున సమంగా పరచి, ఒక్క ఊపున పైకి తీయాలి. తీసిన వెంటనే, నీళ్లు కారిపోకముందే, కుడి ఎడమలకు ఒకసారి, ముందు వెనకలకు ఒకసారి మెల్లగా కదిలించాలి. ఆ ఒకటి రెండు క్షణాల్లోనే పోగులు ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి. నీళ్లు పోయిన తరువాత ఎంత కదిలించినా ప్రయోజనం లేదు, పైగా కాగితం మీద అల గుర్తులు పడతాయి. నీటి చుక్కలు పలుచబడేదాకా వంచి పట్టుకుని, పై చట్రాన్ని నిటారుగా ఎత్తివేయాలి. వేలి నుంచి ఒక్క చుక్క తడి కాగితం మీద పడినా అక్కడ చిన్న గుంట ఏర్పడి, ఆరిన తరువాత కూడా కనిపిస్తుంది. పాతకాలపు చేతికాగితాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే అటువంటి గుంటలు కనిపిస్తాయి.

తడిపి పిండిన పాత పంచె గుడ్డను బల్ల మీద పరచి, జాలీ చట్రం ఒక అంచును దాని మీద నిలువుగా ఆనించి, ఒకవైపు నుంచి రెండో వైపుకు ఒత్తుతూ బోర్లించి, వెనక నుంచి స్పాంజితో నీళ్లు లాగి, మొదట ఆనించిన అంచు నుంచే మెల్లగా ఎత్తాలి. కాగితం గుడ్డ మీద ఉండిపోతుంది. దాని మీద ఇంకో గుడ్డ, ఇంకో కాగితం. రెండు మూడు తీసినప్పుడల్లా తొట్టిలో మరికొంత గుజ్జు వేస్తుండాలి, లేకపోతే మొదటి కాగితం దుప్పటి, చివరిది ఉల్లిపొర అవుతుంది. పది పన్నెండు అయ్యాక కట్టకు పైనా కిందా చెక్కలు పెట్టి బరువు పెట్టాలి. ఇంత బండలు, రాళ్లు ఉన్న ప్రాంతంలో బరువుకు కరువేమిటి? మార్కాపురం పలకరాయి ముక్కలైనా, చీమకుర్తి గ్రానైటు కోతలో మిగిలిన ముక్కలైనా నాలుగు పెడితే గంటలో నీళ్లన్నీ దిగిపోతాయి.

ఆరబెట్టడం గురించి ఒక హెచ్చరిక చేయాలి. ఎండ మండిపోతోంది కదా అని రోహిణి కార్తె మిట్టమధ్యాహ్నం డాబా మీద పరిచేయకండి. అంచులు ముందు ఆరి, మధ్యభాగం తరువాత ఆరి, కాగితం ముడుచుకుపోతుంది, దాన్ని ఏ ఇస్త్రీ పెట్టె చదును చేయలేదు. గుడ్డతో పాటే తీసి, గాలి వచ్చే నీడలో గాజు పలక మీదగాని నున్నని గోడమీదగాని అంటించి ఒత్తి వదిలిపెట్టాలి. ఆరిన కాగితం దానంతట అదే ఊడి వస్తుంది, గాజు వైపు ఉన్న ముఖం రాతకు వీలుగా నున్నగా ఉంటుంది.

ఇలా వచ్చిన కాగితం మీద నేరుగా రాస్తే సిరా పాకుతుంది, కాబట్టి గంజి పెట్టాలి. వెంకటగిరి, చీరాల నేతగాళ్లు పడుగుకు గంజి పెట్టడం ఎందుకో మీకు తెలుసు, పోగు నూగు లేవకుండా కుదురుగా ఉండటానికి. ఇక్కడ కూడా ఇంచుమించు అదే పని. సగ్గుబియ్యం గంజి పలుచగా కాచి, వడగట్టి, చల్లారాక వెడల్పాటి బ్రష్షుతో రెండు వైపులా పూసి మళ్లీ ఆరబెట్టాలి. గంజి కాగితానికి పురుగులు చేరతాయని పుస్తకాలు బైండు చేసేవారు మైదా పేస్టులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న చోట దాన్ని తేవద్దు. బాగా ఆరిన కాగితాలను ఎండు వేపాకుతో కలిపి ట్రంకుపెట్టెలో సర్ది, నవంబరు ముసురులో పెట్టె తెరవకుండా ఉంటే డిసెంబరు దాకా అవి క్షేమంగా ఉంటాయి.

కాగితానికి రంగు వేయాలా వద్దా అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. బ్లీచింగ్ పౌడరు వేసి తెల్లగా చేయాలనే ఆలోచనకు నేను పూర్తిగా వ్యతిరేకిని. పోగు బలం పోతుంది, ఘాటుకు పిల్లల కళ్లు మండుతాయి. పసుపు అందరికీ వెంటనే తోస్తుంది గానీ అది వెలుతురుకు వెలిసిపోతుంది, సబ్బు చెయ్యి తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడే గుణమే అది. జేగురు మన్ను రంగు మాత్రం వెలవదు. టీ డికాక్షను చక్కని గోధుమరంగు ఇస్తుంది. బంతిపూల రేకలు తొట్టిలో వేస్తే రంగు చాలాకాలం నిలబడుతుంది, గులాబీ రేకలు గోధుమరంగుకు మారి మచ్చలవుతాయి. ఉల్లిపొట్టు బాగుంటుంది. నాకు వీటన్నిటి కన్నా ఇష్టమైనది ఏ రంగూ వేయని నోటుపుస్తకం గుజ్జు. నా చేతిలో ఉన్న ఈ కార్డును దగ్గరకు వచ్చి చూడండి: రోటిలో కొంచెం తక్కువ దంచిన గుజ్జుతో తీసినది, కుడిచేతి మూలన పొగచూరిన తెలుపులో ఎవరి ఎక్కాల పుస్తకంలోదో ఒక ఏడు అంకె, దాని పక్కన ఎర్ర సిరా టిక్కులో సగం ముక్క నిలిచిపోయాయి. మధ్యలో చిన్న నక్షత్రం, అంతే. ఇందులో ఏడు అంకెను కప్పేలా రంగులు పూసి, దాని మీద తళుకు పొడి చల్లితే మనం ఇంత కష్టపడి కాగితం తీసిన పని ఎందుకు? ఆ తళుకు పొడి నూరిన ప్లాస్టిక్. అది పడిన కార్డు మళ్లీ గుజ్జుకు పనికిరాదు. ఈ విషయంలో నేను కొంచెం మొండిదాన్నని నా పాత విద్యార్థులు చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి.

ఇక డిసెంబరు పని. అచ్చు వేసిన క్రిస్మస్ కార్డు చరిత్ర మనం అనుకునేంత పాతది కాదు. 1843లో లండనులో హెన్రీ కోల్ అనే ఆయన, పండుగ ఉత్తరాలన్నిటికీ విడివిడిగా రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత ఒక బొమ్మ గీయించి వెయ్యి ప్రతులు అచ్చు వేయించాడు. ఒక్కొక్కటి ఒక షిల్లింగుకు అమ్మారు. అంతకు మూడేళ్ల ముందు, 1840లో, అక్కడ ఒక్క పెన్నీకే ఉత్తరం చేరవేసే తపాలా పద్ధతి వచ్చింది కనుకనే ఆ ఆలోచనకు కాళ్లు వచ్చాయి. ఆ మొదటి కార్డులో మంచూ లేదు, క్రిస్మస్ తాతా లేడు. మధ్యలో ఒక కుటుంబం పండుగ బల్ల దగ్గర కూర్చుని ఉంటుంది, రెండు పక్కలా ఆకలిగొన్నవారికి అన్నం, బట్టలేనివారికి బట్ట ఇస్తున్న బొమ్మలుంటాయి. అచ్చు నలుపులో వేసి, రంగులు చేత్తో అద్దారు. అచ్చుయంత్రం ఉన్నవారే రంగుకు చేతిని నమ్ముకున్నారన్నమాట.

ఒకప్పుడు డిసెంబరు వచ్చిందంటే ఒంగోలు ట్రంకు రోడ్డులోనూ నెల్లూరు ట్రంకు రోడ్డులోనూ గ్రీటింగు కార్డుల అంగళ్లు వరుసగా వెలిసేవి; మంచు కప్పిన గుడిసెలు, పైన్ చెట్లు, దుప్పులు లాగే బండ్లు మన పిల్లలు అక్కడే చూసి నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ బొమ్మలే సెల్‌ఫోనుల్లో తిరుగుతున్నాయి. చేత్తో చేసే కార్డు మీద కూడా అవే వేయడమెందుకు? లూకా సువార్త రెండవ అధ్యాయంలో పసిబిడ్డను పరుండబెట్టిన పశువుల తొట్టి ఉంది, మందను కాచుకునే గొర్రెల కాపరులు ఉన్నారు. ఎద్దు, గాడిద పేర్లు అక్కడ లేవు. పాతకాలపు క్రైస్తవ చిత్రకారులు ఎద్దు, గాడిదల మాట ఉన్న యెషయా మొదటి అధ్యాయం మూడవ వచనాన్ని మనసులో పెట్టుకుని వాటిని ఆ పాకలో నిలబెట్టారు. ఎద్దును నిలబెట్టడానికి వారికి అనుమతి ఉన్నప్పుడు, మూపురమున్న తెల్లని ఒంగోలు గిత్తను నిలబెట్టడానికి మనకు అడ్డేముంది? మన గిత్తలు ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లి, అక్కడ ‘నెలోర్’ పేరుతో కోట్ల సంఖ్యలో పెరిగాయి. మన పిల్లల కార్డు మీదికి రావడానికి వాటికి వీసా అక్కరలేదు. గొర్రెల మందకు కొండెపి, కనిగిరి దారులు చాలు. తాటిచెట్ల వరుసకు బకింగ్‌హామ్ కాలువ గట్టు ఉంది. 1876–78 నాటి ధాత కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఆ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేసిన సంగతి ఈ సంఘాల్లో పెద్దలందరూ చెబుతారు. ఆ గట్టు మీద ఒక నక్షత్రం వేస్తే, తమ ముత్తాతలు మట్టి మోసిన చోటు అదేనని పిల్లలకు చెప్పవచ్చు.

నక్షత్రానికి కుంచె కూడా అక్కరలేదు. ముదురు బెండకాయను అడ్డంగా కోసి, కోసిన ముఖాన్ని గుడ్డతో అద్ది తడి తీసి, పోస్టరు కలరులో తేలికగా తాకించి కాగితం మీద ఒత్తితే అయిదు కోణాల నక్షత్రం గింజల గదులతో సహా పడుతుంది. లేత కాయ నలుగుతుంది, ముదురుదే కావాలి. ఒక కాయ ఒక పూట నిలుస్తుంది. చిన్నపిల్లలకు ఇంతకు మించిన అచ్చు నేను చూడలేదు. పెద్దపిల్లలకైతే రావి ఆకు పని ఇవ్వండి. జూలైలో ముదురాకులు కోసి కుండలో నీళ్లలో వేసి, నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు ఉంచితే పచ్చని భాగం కుళ్లి మెత్తబడుతుంది. మెత్తని బ్రష్షుతో ఆ పాచి కడిగివేస్తే ఈనెల వల మాత్రం మిగులుతుంది, దాని అవతల నుంచి అక్షరాలు చదువుకోవచ్చు. అటువంటి రెండు ఆకులను ఎదురెదురుగా పెడితే దేవదూత రెక్కలు. వాసన గురించి ఇళ్లలో గొడవలు వస్తాయి, కుండను పెరటి గోడ అవతల పెట్టించండి.

కాగితాన్ని మడిచే ముందు, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి మధ్యన గట్టిగా గీత లాగాలి. గీత లేకుండా మడిస్తే మందపు కాగితం మడత మీద పగులుతుంది. కొలతకు తగ్గించవలసి వస్తే కత్తెర పెట్టకండి. తడి కుంచెతో స్కేలు వెంబడి నీటిగీత గీసి, కొద్దిసేపు ఆగి, చేత్తో లాగితే అక్కడే నూగు అంచుతో విడిపోతుంది, మిగిలిన మూడు అంచులతో కలిసిపోతుంది. రాతకు సన్నని పాళీ పనికిరాదు. తెలుగు అక్షరం వంపుల అక్షరం, తలకట్టు దగ్గరా ఒత్తు దగ్గరా పాళీ వెనక్కు తిరిగేటప్పుడు పోగు పట్టుకుని సిరా చిమ్ముతుంది. గుండ్రని సన్న కుంచెగాని, ఏటవాలుగా చెక్కిన వెదురు కలంగాని ఇవ్వండి. ‘శుభాకాంక్షలు’ అని పెద్దగా రాయించడం కన్నా పుచ్చుకునేవారి పేరు పెద్దగా రాయించడం బాగుంటుందని నా అభిప్రాయం. అత్తయ్యకు, జేజికి, కువైట్‌లో పనిచేస్తున్న నాన్నకు, ఎవరికైతే వారికి.

ఇందాక టీ విరామంలో ఒక టీచరమ్మ అడిగిన ప్రశ్న న్యాయమైనది కనుక అందరి ముందూ జవాబు చెబుతాను. సాగర్ కాలువ నీళ్లతో సమ్మర్ స్టోరేజీ చెరువులు నింపుకుని, వాటిని ఆచితూచి వాడుకునే ఒంగోల్లో, మే నెలలో ఈ నీళ్ల పని చేయడం తగునా అని ఆమె అడిగారు. ఒక తొట్టికి ఇరవై లీటర్లు చాలు, ఆ నీళ్లు రోజంతా మార్చనక్కరలేదు. గుడ్డల నుంచి, బరువు కింద నుంచి కారిన నీళ్లు కూడా పళ్లెంలో పట్టి తొట్టిలోనే పోయాలి. మంచినీళ్లు అవసరం లేదు, బియ్యం కడిగిన నీళ్లతో కాగితం నానబెట్టవచ్చు. సాయంత్రం తొట్టిలో మిగిలినదాన్ని గుడ్డలో వడగట్టి, గుజ్జును ఉండలు చేసి ఎండబెడితే తరువాతి రోజుకు మళ్లీ నానుతుంది. తడిగానే ఉంచితే ఈ ఎండకు రెండో రోజుకే కంపు కొడుతుంది. వడగట్టిన నీళ్లు చెట్లకు పోయండి. గుజ్జు నీళ్లను కాలువలో మాత్రం పోయవద్దు, పైపులో పేరుకుని అక్కడే గట్టిపడుతుంది, తరువాత మందిరం కమిటీవారు మిమ్మల్నీ నన్నూ కలిపి పిలుస్తారు.

విత్తనాలు కలిపిన కాగితం చేయవచ్చా అని మరొకరు అడిగారు. తీసిన తడి కాగితం మీద విత్తనాలు చల్లి చేస్తారు; కానీ మనం రాళ్లతో నొక్కి, గంజి పెట్టి, ఏడు నెలలు పెట్టెలో దాచే కాగితానికి అది తగదు. అది వేరే పని.

చివరగా తపాలా సంగతి. మన కార్డు ఆరేడు గ్రాములు, పాత కాగితంతోనే చేసిన కవరు అంతకు కొంచెం తక్కువ. రెండూ కలిసి ఉత్తరానికి మొదటి మెట్టైన 20 గ్రాములు దాటవు, మామూలు స్టాంపు సరిపోతుంది. ఆకు రెక్కలున్న కార్డుకు లోపల ఒక అట్టముక్క పెడితే ముద్ర దెబ్బకు ఈనెలు విరగకుండా ఉంటాయి. అప్పుడు మాత్రం ఒకసారి తూచి చూసుకోండి. డిసెంబరు మొదటి వారం దాటకుండా డబ్బాలో వేయించండి, తుపాను వస్తే రైళ్లు ఆగుతాయి. అడ్రసు బాల్‌పెన్నుతోనే రాయించాలి, కుంచె రాత వానకు చెదురుతుంది.

వసారాలో తొట్టి, రెండు జతల చట్రాలు, నిన్న రాత్రి నానబెట్టిన కాగితం సిద్ధంగా ఉన్నాయి. రోలు పక్కింటివారిది, భోజనాల వేళకు తిరిగి ఇచ్చేయాలి కాబట్టి దంచేవాళ్లు ముందుగా రండి.